కార్మికుల పక్షాన ఒక జీవితం: వి.వి. గిరి

మే 1 మన బడుల్లో ఎప్పుడూ జరగని పండుగ. ఆ రోజుకు పరీక్షలు అయిపోయి, వేసవి సెలవులు మొదలై, తరగతి గదులకు తాళాలు పడి ఉంటాయి. ఆగస్టు 15న జెండా వందనం ఉంటుంది, అక్టోబర్ 2న గాంధీ తాత మీద వ్యాసరచన ఉంటుంది. మే డేకి మాత్రం ఏమీ ఉండదు. కానీ హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు బడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో తండ్రో తల్లో ఏదో ఒక షిఫ్టుకు వెళ్ళేవారే. సిప్కాట్ ఫ్యాక్టరీలు, గ్రానైటు క్వారీలు, మామిడి గుజ్జు తీసే కంపెనీలు, గులాబీ తోటలు... మన ఊళ్ళ బతుకంతా చేతి పనితోనే నడుస్తోంది. ఈ సెలవు ఎలా వచ్చిందో, దాని వెనక ఎవరున్నారో పిల్లలకు చెప్పే పని ఇంట్లో తల్లిదండ్రులదీ, సెలవులకు ముందు బడిలో ఉపాధ్యాయులదీ.

చెప్పడానికి ఒక మంచి జీవితకథ ఉంది. అది రైల్వే కార్మికుల సంఘంతో మొదలై రాష్ట్రపతి భవన్ దాకా వెళ్ళిన తెలుగువాడి కథ. ఆయన వరాహగిరి వెంకట గిరి. మన పాఠ్యపుస్తకాల్లో రాష్ట్రపతుల వరుసలో నాలుగో పేరుగా కనిపించి పోతారు. ఆ ఒక్క వరుస వెనక ఉన్నదేమిటో చూద్దాం.

ముందుగా మే డే సంగతి

1886 మే 1న అమెరికాలోని అనేక నగరాల్లో లక్షలమంది కార్మికులు పని మానేశారు. రోజుకు పది, పన్నెండు, పద్నాలుగు గంటలు పని చేయించే కాలమది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, మిగిలిన ఎనిమిది గంటలు సొంత బతుకు అన్నది వాళ్ళ కోరిక. మే 4న చికాగోలోని హేమార్కెట్ కూడలిలో సభ జరుగుతుండగా ఎవరో బాంబు విసిరారు. పోలీసులూ కార్మికులూ చనిపోయారు. బాంబు వేసింది ఎవరో తేలకుండానే ఎనిమిదిమంది నాయకులకు శిక్షలు పడ్డాయి. వారిలో నలుగురిని 1887 నవంబర్ 11న ఉరి తీశారు. 1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం, మరుసటి ఏడాది నుంచి మే 1న అన్ని దేశాల్లోనూ ఎనిమిది గంటల పని కోసం ప్రదర్శనలు జరపాలని తీర్మానించింది. అలా ఒక ఊరి దుఃఖం లోకమంతటి పండుగ అయింది. తమాషా ఏమిటంటే, పుట్టిన దేశమైన అమెరికాలో మాత్రం కార్మిక దినం మే 1న రాదు. 1894లో చేసిన చట్టం ప్రకారం అక్కడ సెప్టెంబర్ మొదటి సోమవారం జరుపుకుంటారు.

మన దేశంలో తొలి మే డే జరిగింది మన రాష్ట్రంలోనే. 1923 మే 1న మద్రాసులో సింగారవేలు చెట్టియార్ రెండు సభలు ఏర్పాటు చేశారు. ఒకటి హైకోర్టు ఎదురుగా ఉన్న సముద్ర తీరంలో, రెండోది తిరువల్లిక్కేణి తీరంలో. ఎర్రజెండా ఎగరేసి, ఈ రోజును సెలవుగా ప్రకటించాలని అక్కడ కోరారు. ఈ రోజు మెరీనా తీరంలో నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తున్న కార్మిక విగ్రహం కనిపిస్తుంది. శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ విగ్రహాన్ని 1959లో నిలబెట్టారు. చెన్నైకి విహారయాత్రకు పిల్లలను తీసుకెళ్ళే బడులు అక్కడ రెండు నిమిషాలు ఆగితే బాగుంటుంది.

ఆ మద్రాసు సభలు జరిగిన కాలంలోనే, అదే మద్రాసు రాజధాని ఉత్తరపు కొసన, ఒక యువ న్యాయవాది రైలు కార్మికులను కూడగడుతున్నాడు.

బరంపురం పిల్లవాడు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో అది గంజాం జిల్లా, మద్రాసు రాజధానిలో భాగం. మన హోసూరు కూడా అదే రాజధానిలో సేలం జిల్లా కింద ఉండేది. ఉత్తరాన బరంపురంలో తెలుగు, ఒడియా కలిసి వినిపించేవి. ఇక్కడ హోసూరులో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపిస్తాయి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళిపోయింది. మనుషులు కదలలేదు, గీత కదిలింది. ఆ ఊరి తెలుగువారు ఒక్క రోజులో భాషాపరంగా అల్పసంఖ్యాకులయ్యారు. మన తాలూకాల్లో రాష్ట్రాల పునర్విభజన నాటి మాటలు పెద్దల నోట విన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ నాయకుడు. తల్లి సుభద్రమ్మ కూడా జాతీయోద్యమంలో దిగి, మద్య నిషేధం కోసం పనిచేసి అరెస్టయ్యారు. ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ ప్రజల పనిలో ఉంటే పిల్లలకు ఏ పాఠం అబ్బుతుందో గిరి జీవితమే చెబుతుంది. బరంపురం కళ్ళికోట కళాశాలలో చదువు అయ్యాక, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్ళారు.

డబ్లిన్ నేర్పిన చదువు

ఆ కాలంలో లాయరు కాదలచిన భారతీయులు ఎక్కువగా లండన్ వెళ్ళేవారు. డబ్లిన్ ఎంచుకోవడం గిరి జీవితాన్ని మలుపు తిప్పింది. ఐర్లండ్ కూడా మనలాగే బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం. ఆయన అడుగుపెట్టిన ఏడాదే అక్కడ ఒక పెద్ద కార్మిక పోరాటం జరిగింది. జేమ్స్ లార్కిన్ నాయకత్వంలోని సంఘంలో చేరబోమని సంతకం పెట్టిన వారికే పని అని డబ్లిన్ యజమానులు షరతు పెట్టారు. సంతకం పెట్టని వారికి ఫ్యాక్టరీ తలుపులు మూసేశారు. సుమారు 20,000 మంది నెలల తరబడి పని లేకుండా, ఆకలితో గడిపారు. చివరికి 1914 మొదట్లో పోరాటం విరిగిపోయింది. చాలామంది తలవంచుకుని పనికి వెళ్ళారు. కానీ సంఘం మాత్రం చావలేదు.

లార్కిన్‌తో పాటు ఆ పోరాటాన్ని నడిపిన మరో నాయకుడు జేమ్స్ కానలీ. దేశ స్వాతంత్ర్యం, కార్మికుల స్వాతంత్ర్యం రెండూ ఒకటేనని నమ్మినవాడు. గిరికి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన థామస్ మెక్‌డొనా కూడా కవి, విప్లవకారుడు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ పండుగ వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని అణిచివేసి, మే నెలలో నాయకులను వరుసగా కాల్చి చంపింది. మెక్‌డొనాను మే 3న చంపారు. గాయాలతో నిలబడలేని స్థితిలో ఉన్న కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. పాఠం చెప్పిన గురువును ప్రభుత్వమే చంపిన తరగతి గది అది. అప్పుడు గిరికి 21 ఏళ్ళు.

తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని జూలై 1లోగా దేశం విడిచి వెళ్ళమని ఆదేశించారు. జూన్‌లో బారిస్టరు పట్టా అందుకుని, వెంటనే ఓడ ఎక్కారు. లాయరు కావడానికి వెళ్ళిన కుర్రవాడు కార్మిక నాయకుడి మనసుతో తిరిగి వచ్చాడు. కార్మికుల్లో పని చేయాలన్న ఆలోచన తనకు ఐర్లండ్‌లోనే పుట్టిందని తరవాత ఆయనే ఒప్పుకున్నారు.

రైలు పట్టాల వెంట

మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. వకాల్తా బాగానే సాగింది. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇవ్వగానే ఆ సంపాదన వదులుకున్నారు. మద్యం దుకాణాల ముందు పికెటింగు చేసి 1922లో అరెస్టయ్యారు.

ఆ తరవాత ఆయన పట్టుకున్న పని రైల్వే కార్మికులది. హౌరా వైపు నుంచి మన వాల్తేరు దాకా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే అప్పట్లో ఒక ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉండేది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాది తెలుగువారు ఆ పనికి వలస వెళ్ళారు. ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అంటే మన బడుల లాంటి బడులు, మన ఇళ్ళ లాంటి ఇళ్ళు అక్కడా ఉన్నాయన్నమాట. వంద ఏళ్ళ కిందట పని వెతుక్కుంటూ పరాయి భాషా ప్రాంతానికి వెళ్ళిన తెలుగు కార్మికుడికి తన భాషలో తన బాధ వినే నాయకుడు దొరకడం చిన్న విషయం కాదు.

గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. 1920ల నడుమ అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య ఏర్పాటులో ముందు నిలిచి, పదేళ్ళకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1927, 28 సంవత్సరాల్లో ఖరగ్‌పూర్‌లో వేలమందిని ఉద్యోగాల నుంచి తీసేయడానికి కంపెనీ సిద్ధపడినప్పుడు సమ్మె నడిచింది. హింస లేకుండా నడిపిన ఆ పోరాటానికి కంపెనీ దిగివచ్చి మాట్లాడక తప్పలేదు. మన దేశ కార్మికోద్యమంలో అది ఒక మైలురాయి.

గిరి పద్ధతిని ఇక్కడ గమనించాలి. ఆయన సమ్మెకు భయపడలేదు. అయితే మొదటి ఆయుధంగా దాన్ని వాడలేదు. ముందు సంఘం బలంగా ఉండాలి, తరవాత యజమానితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి, మాటలు తెగినప్పుడే సమ్మె. ప్రభుత్వమో న్యాయస్థానమో పైనుంచి తీర్పు రుద్దడం ఆఖరి దారి మాత్రమే కావాలన్నది ఆయన నమ్మకం. తరవాతి కాలంలో దీన్నే గిరి పద్ధతి అని పిలిచారు. ఇప్పుడు కార్మిక చట్టాలు చదివే విద్యార్థులకు అది ఒక పాఠం.

1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. 1942లో మరోసారి ఆ బాధ్యత తీసుకున్నారు. 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కూర్చుని కార్మికుల తరఫున మాట్లాడారు. ఆ సమావేశానికే గాంధీజీ కూడా వెళ్ళారని పిల్లలకు చెబితే కాలం గుర్తుంటుంది.

బొబ్బిలిలో రాజు ఓడిన ఎన్నిక

1937 ఎన్నికల్లో గిరి నిలబడ్డ చోటు బొబ్బిలి. ఎదురుగా నిలబడింది ఎవరో కాదు, సాక్షాత్తు బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా పనిచేసినవాడు. అప్పట్లో అందరికీ ఓటు లేదు. ఆస్తి, చదువు, పన్ను లాంటి అర్హతలున్నవారికే ఓటు. అయినా రాజుగారి సొంత సంస్థానంలోనే రాజుగారు ఓడిపోయారు. ఆ గెలుపు వార్త మద్రాసు రాజధాని అంతటా మారుమోగింది.

ఆ ఎన్నికల తరవాత ఏర్పడిన కాంగ్రెస్ ప్రభుత్వానికి నాయకుడు రాజాజీ. ఆయన పుట్టింది మన హోసూరు పక్కనున్న తొరపల్లిలో, 1878లో. ఆ ప్రభుత్వంలో కార్మిక, పరిశ్రమల శాఖ మంత్రి గిరి. అంటే మన తొరపల్లివారు, బరంపురంవారు ఒకే మంత్రివర్గంలో కలిశారు. సమ్మెలు వచ్చినచోట లాఠీ కంటే ముందు మంత్రి వెళ్ళి రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడటం గిరి అలవాటు చేశారు. రెండేళ్ళు పైచిలుకు మాత్రమే ఆ ప్రభుత్వం నడిచింది. ప్రజలను అడగకుండా భారతదేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939 అక్టోబర్‌లో కాంగ్రెస్ మంత్రులు రాజీనామా చేశారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గిరి మళ్ళీ జైలుకు వెళ్ళి, వేలూరు, అమరావతి జైళ్ళలో సుమారు మూడేళ్ళు గడిపారు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మళ్ళీ కార్మిక మంత్రి అయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. ఆయన అక్కడ ఉన్న రోజుల్లోనే, 1948లో, సిలోన్ ప్రభుత్వం చేసిన పౌరసత్వ చట్టం వల్ల తేయాకు తోటల్లో పనిచేసే లక్షలమంది భారతీయ మూలాల కార్మికులు ఏ దేశానికీ చెందనివారుగా మిగిలిపోయారు. తరతరాలుగా తోటలను పెంచిన చేతులకు ఆ నేల మీద హక్కు లేదన్నారు. దాన్ని ఆపడం ఒక రాయబారి చేతిలో లేని పని. కార్మికుడి కష్టం కూలి దగ్గరే ఆగదని, ఉనికి దాకా పోతుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మంత్రి పదవి వదిలిన రోజు

1952లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఆయన జీవితంలో పిల్లలకు తప్పక చెప్పవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది.

అప్పట్లో బ్యాంకులన్నీ దాదాపు ప్రైవేటువి. గుమాస్తాల జీతాలు, పని గంటల మీద ఏళ్ళ తరబడి తగాదా నడుస్తోంది. ట్రిబ్యునల్ విచారించి తీర్పు ఇచ్చింది. దాని మీద అప్పీలు జరిగి, 1954లో అప్పీలు ట్రిబ్యునల్ ఉద్యోగులకు మరికొంత మేలు చేసే తీర్పు ఇచ్చింది. చిన్న ఊళ్ళలోని శాఖలు ఈ భారం మోయలేవని బ్యాంకులు మొరపెట్టుకున్నాయి. ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తన అధికారంతో ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చేసింది.

కార్మిక మంత్రిగా ఉన్నది గిరి. తన ప్రభుత్వం చేసిన పని తనకు ఒప్పు కాదు. అలాంటప్పుడు మంత్రి ముందు రెండు దారులు ఉంటాయి. మనసులో ఒకటి పెట్టుకుని బయట మరోటి చెబుతూ కుర్చీలో ఉండటం ఒకటి. లేచి వెళ్ళిపోవడం రెండోది. గిరి రాజీనామా చేశారు. ట్రిబ్యునల్ దాకా వెళ్ళి నెగ్గిన కార్మికుడికి ఆ తీర్పు దక్కకపోతే, ఇక శాంతియుతంగా మాట్లాడుకుందాం అని అతనితో ఎవరు అనగలరన్నది ఆయన వాదం సారాంశం. దేశమంతటా బ్యాంకు ఉద్యోగులు కదిలారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఈ విషయం చూడటానికి ఒక కమిషన్ వేసింది. దాని సిఫారసులతో ఉద్యోగులు పోగొట్టుకున్నదాంట్లో చాలా భాగం తిరిగి వచ్చింది.

1957లో పార్వతీపురం నుంచి పోటీ చేసి గిరి ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యులను ఎన్నుకునే నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది, రెండోది అందరికీ. ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే కావడంతో రెండు స్థానాలూ వారికే దక్కాయి. కేటాయించిన స్థానానికి నిలబడినవారు సాధారణ స్థానం గెలవకూడదని గిరి కోర్టుకు వెళ్ళారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఓట్లు ఎక్కువ వస్తే గిరిజనుడు ఏ స్థానానికైనా అర్హుడేనని తేలింది. జీవితమంతా బలహీనుల పక్షాన నిలిచిన గిరి ఈ కేసులో నిలిచిన పక్షం వేరు. పెద్దల జీవితాలను పిల్లలకు చెప్పేటప్పుడు ఇలాంటివి దాచవలసిన అవసరం లేదు. దేవుడి కథ చెప్పడం లేదు కదా, మనిషి కథ చెబుతున్నాం.

బ్యాంకుల సంతకం, ఢిల్లీ పోటీ

ఆ తరవాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. మైసూరు గవర్నరుగా 1965 నుంచి 1967 దాకా మనకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనే ఉన్నారు. 1967 మేలో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న ప్రధాని ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. దాని మీద సంతకం చేసింది గిరి. పదిహేనేళ్ళ కిందట బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలిన మనిషే ఆ బ్యాంకులను ప్రభుత్వ పరం చేసే కాగితం మీద సంతకం పెట్టాడు. మరునాడే, జూలై 20న, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రంగా పోటీ చేయడానికి ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు. కొత్త రాష్ట్రపతి వచ్చేదాకా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆ బాధ్యత చూశారు.

కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయనా తెలుగువారే. సభ్యులు అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలని ఇందిరాగాంధీ కోరడంతో కాంగ్రెస్ ఓట్లు చీలాయి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. తేడా 14,650. రెండో ప్రాధాన్య ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక అది. లెక్కల మాస్టార్లు ఆ ఓటింగ్ పద్ధతిని పై తరగతులకు వివరించడానికి ఇది చక్కని ఉదాహరణ. ఆ ఎన్నిక చెల్లదని కేసు వేస్తే, పదవిలో ఉన్న రాష్ట్రపతి అయివుండి కూడా గిరి సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. కేసు గెలిచారు.

రాష్ట్రపతిగా 1974 ఆగస్టు దాకా పనిచేశారు. ప్రభుత్వం పంపిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టారన్న విమర్శ ఆయన మీద ఉంది. మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ 1970లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది. 1974 మేలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. నడిపింది గిరి ఒకప్పుడు నిలబెట్టిన అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యే. ప్రభుత్వం వేలమందిని జైళ్ళలో పెట్టి మూడు వారాల్లో సమ్మెను అణిచేసింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది రైల్వే కార్మికుల పాత నాయకుడే. 1954లో మంత్రిగా వదిలేసినట్టు రాష్ట్రపతిగా వదల్లేదు. పదవి పెద్దదయ్యే కొద్దీ చేతులు కట్టుబడిపోతాయా అన్న ప్రశ్న పది, పన్నెండు తరగతుల పిల్లల ముందు పెట్టదగినదే.

1975లో ఆయనకు భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. ఢిల్లీ దగ్గర నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఈ రోజు మే డే

మే డే ఆచారాలు పెద్ద ఆర్భాటమైనవి కావు. పొద్దున్నే సంఘం ఆఫీసు ముందు, ఆటో స్టాండు దగ్గర, ఫ్యాక్టరీ గేటు పక్కన జెండా ఎగరేస్తారు. చనిపోయిన కార్మికులకు నివాళి, ఒక ఊరేగింపు, సాయంత్రం సభ. అందరికీ చాక్లెట్లో మిఠాయో పంచుతారు. తమిళనాడులో జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2లతో పాటు మే 1 కూడా జీతంతో కూడిన సెలవే. మన పల్లెల్లో ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు ప్రతి పంచాయతీలో గ్రామ సభ జరుగుతుంది. ఊరి రోడ్డు, నీళ్ళు, ఉపాధి హామీ పని గురించి, బడికి కావలసిన గది గురించి అడగడానికి అది సరైన చోటు. తెలుగు బడికి ఉపాధ్యాయుడు కావాలని, పుస్తకాలు సకాలంలో రావాలని అడగడానికి కూడా అదే చోటు.

ఎనిమిది గంటల మాట పాతబడిపోయిందని ఎవరైనా అనుకుంటే 2023ను గుర్తుచేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటల దాకా పని చేయించడానికి వీలు కల్పించే సవరణ బిల్లు మన శాసనసభలో ఆమోదం పొందింది. కార్మిక సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మే 1న ముఖ్యమంత్రి ఆ బిల్లును వెనక్కి తీసుకుంటున్నట్టు చెన్నై చింతాద్రిపేటలోని మే డే పార్కులో ప్రకటించారు. తొలి మే డేకి సరిగ్గా 100 ఏళ్ళు నిండిన రోజది. ఇది హోసూరులో రెండో షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి కంపెనీ బస్సు దిగే ప్రతి ఇంటి సంగతి.

ఇంట్లో, బడిలో చేయదగినవి

తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటి ఉంది. ఈ సెలవుల్లో ఒక రోజు మీ పని గురించి పిల్లలకు తెలుగులో చెప్పండి. ఎన్నింటికి మొదలవుతుంది, ఏ యంత్రం దగ్గర నిలబడతారు, దేనికి జాగ్రత్తపడాలి, ఎంత కూలి, పీఎఫ్ ఎంత పట్టుకుంటారు. చదువుకుంటే ఈ బాధ ఉండదు అని మాత్రమే చెబితే పిల్లలకు పని మీద చిన్నచూపు వస్తుంది. అమ్మానాన్నల పని పేరు నలుగురిలో చెప్పడానికి వెనకాడే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. ఆ వెనకాట పోవాలి.

ఉపాధ్యాయులు జూన్‌లో బడి తెరిచాక, మా ఇంట్లో పని అన్న పేరుతో ప్రతి పిల్లవాడి చేత ఒక పేజీ రాయించవచ్చు. క్వారీలో, మామిడి మండీలో, పూల తోటలో, కుట్టు కంపెనీలో వాడే తెలుగు మాటలు పోగుచేయించవచ్చు. మన ప్రాంతపు తెలుగులో ఉన్న అలాంటి మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

మూడో సంగతి కొంచెం కఠినమైనది. వేసవిలో సరదాగా నాలుగు రోజులని పనికి వెళ్ళిన పిల్లల్లో కొందరు జూన్‌లో బడికి తిరిగి రావడం లేదు. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టం ప్రకారం నేరం. 18 నిండేదాకా ప్రమాదకరమైన పనులు చేయించకూడదు. చేతికి వచ్చే ఆ కొద్ది డబ్బు ఇంటికి ఎంత అవసరమో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. అయినా ఏడో, ఎనిమిదో తరగతిలో ఆగిన పిల్లవాడు ఎప్పటికీ కాంట్రాక్టు కూలీగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. తనతో సంతకం పెట్టించుకునే కాగితంలో ఏముందో చదువుకోలేని కార్మికుడికి ఏ సంఘమూ పూర్తిగా తోడు రాలేదు. జూన్‌లో మొదటి వారం హాజరు పట్టీ చూసి, రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి రావడం మన బడులు ఈ ఏడాది మే డే పేరున చేయగల మంచి పని.